పాట అమ్ముదామా, పాలుకిద్దామా?

ఇవాళ పాట గురించి మాట్లాడుకుందాం. పాట ఎట్లా పాడాలి అన్నది కాదు. పాడినవాళ్లకు ఏం దక్కాలి, ఆ లెక్క కాగితం మీద ఎట్లా రాసుకోవాలి అన్నది మన ముచ్చట.

2021 ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లి జరిగింది. బరాత్ సాగుతోంది. ‘బుల్లెట్టు బండి’ పాట మోగింది. పెళ్లికూతురు ముందుకొచ్చి, పెళ్లికొడుకును చూస్తూ ఆ పాటకు ఆడింది. ఎవరో ఫోన్‌లో తీశారు. రెండు మూడు రోజుల్లో ఆ వీడియో తెలుగువాళ్లు ఉన్న చోటల్లా తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పాట కొత్తది కాదు. కొన్ని నెలల ముందే బయటికొచ్చింది. లక్ష్మణ్ రాశారు, ఎస్.కె. బాజీ సంగీతం చేశారు, మోహన భోగరాజు పాడారు. అప్పటికే జనం వింటున్న పాటే. కానీ ఆ బరాత్ తర్వాత దాని దశ మారిపోయింది. ఆ పాట లేని పెళ్లి ఊరేగింపు లేదన్నంత దూరం పోయింది. ఇప్పుడు మీరే చెప్పండి. పాట రికార్డు చేసిన రోజున, స్టూడియోలో కూర్చున్నవాళ్లలో ఎవరికైనా ఈ సంగతి ముందే తెలిసే వీలుందా? లేదు. పాడినవాళ్లకు తెలియదు, పెట్టుబడి పెట్టినవాళ్లకూ తెలియదు. ఏ పాట ఎక్కుతుందో ఎవరికీ తెలియదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ మాట మీదే నిలబడి ఉంది.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, గోదావరిఖని, మంచిర్యాల, ఆదిలాబాద్. మన ఉత్తర తెలంగాణలో ఏ పట్నం తీసుకున్నా ఇవాళ ఫోక్ సాంగ్ ఒక చేతినిండా పని. బతుకమ్మ వస్తోందంటే రెండు నెలల ముందు నుంచే స్టూడియోల్లో ట్రాకులు తయారవుతుంటాయి. రాసేవాళ్లు, బాణీ కట్టేవాళ్లు, పాడేవాళ్లు, ఆడేవాళ్లు, కెమెరా పట్టేవాళ్లు, ఎడిటింగ్ చేసేవాళ్లు. ఒక్క పాట వెనక ఇంతమంది ఉంటారు. వీళ్లందరికీ పైసలు పెట్టి పాటను బయటికి తెచ్చేది యూట్యూబ్ ఛానల్ ఓనరో, ఆడియో కంపెనీనో. ఇంకా ఎవరితోనూ అగ్రిమెంట్ లేని ఒక కొత్త గాయని ఉందనుకుందాం. గొంతు బాగుంది, ఊరి కార్యక్రమాల్లో పాడిన పాటకు పేరొచ్చింది. కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. పాడింది. ఖాతాలో కొంత మొత్తం పడింది. ఆ తర్వాత స్టాంపు కాగితం ముందుకొచ్చింది. అందులో చాలావరకు పేర్లు, చిరునామాలు, తేదీలు. నడుమ ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది. ఈ పాట మీద సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ ఇకముందు వచ్చే మాధ్యమాల్లోనూ కంపెనీకే చెందుతాయి అన్నది దాని సారం. ఆ వాక్యం కింద సంతకం పడగానే, ఆ కాగితం ప్రకారం ఆ పాటతో గాయని లెక్క తీరిపోయినట్టే. పాట పది మంది విన్నా అంతే, పది కోట్ల మంది విన్నా అంతే.

మన ప్రాంతంలో భూమి సంగతి అందరికీ తెలుసు కాబట్టి దాన్నే ఆనవాలుగా తీసుకుందాం. భూమి ఉన్న మనిషి ముందు మూడు దారులు ఉంటాయి. ఒకటి, అమ్మేయడం. పైసలు చేతికొస్తాయి, భూమి పోతుంది. రెండు, కౌలుకివ్వడం. ఇంత కాలానికి ఇంత అని ముందే మాట్లాడుకుంటారు, గడువు తీరితే భూమి తిరిగొస్తుంది. మూడు, పాలుకివ్వడం. పండినదాంట్లో నీకింత, నాకింత. పంట బాగా వస్తే ఇద్దరికీ లాభం, ఎండిపోతే ఇద్దరికీ నష్టం. పాట ఒప్పందాలూ సరిగ్గా ఈ మూడు రకాలే. హక్కులన్నీ ఒకేసారి రాసివ్వడం అమ్మకం. మూడేళ్లకో ఐదేళ్లకో హక్కు ఇచ్చి ఇంత అని తీసుకోవడం కౌలు. వచ్చిన ఆదాయంలో వాటా రాసుకోవడం పాలు. మన దగ్గర కొత్తవాళ్ల ముందుకు వచ్చే కాగితాల్లో ఎక్కువగా కనిపించేది మొదటి రకం. నేననేది ఏమిటంటే, ఏ పాట ఎక్కుతుందో ఎవరికీ తెలియనప్పుడు, అమ్మకం కంటే పాలు మంచిది. గాయనికి మంచిది. కంపెనీకీ మంచిదే. ఈ రెండో మాట వినగానే కంపెనీవాళ్లు నవ్వుతారు. అందుకే ముందు వాళ్ల వైపు నుంచే చూద్దాం.

కంపెనీవాళ్లు అమ్మకమే ఎందుకు అడుగుతారు? దురాశ అని ఒక్క మాటలో తేల్చేయడం న్యాయం కాదు. వాళ్ల బాధ వాళ్లకుంది. వాళ్ల మొదటి వాదన నష్టభయం. పది పాటలు తీస్తే ఒకటో రెండో ఆడతాయి. మిగతావి పెట్టిన పైసలు కూడా తేవు. ఆడిన పాటే ఆడని పాటల ఖర్చును మోయాలి. ఈ భయం మన ఊరి ఛానల్ ఓనర్‌కే కాదు, ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలకూ ఉంది. ఇంగ్లండ్‌లో బీటిల్స్ అనే బృందం 1962 జనవరి 1న డెక్కా కంపెనీలో పరీక్షకు పాడింది. డెక్కావాళ్లు వద్దన్నారు. అదే ఏడాది ఈఎంఐ కంపెనీ తీసుకుంది. ఏమిచ్చింది? అమ్మిన ఒక్కో రికార్డుకు ఒక్క పెన్నీ. అదీ నలుగురికీ కలిపి. పైగా ఒప్పందాన్ని ఏటా పొడిగించాలా వద్దా అన్న నిర్ణయం కంపెనీ చేతిలోనే. ఆడితే ఉంచుకుంటాం, ఆడకపోతే వదిలేస్తాం అన్నట్టు. ఇందులో మనం చూడాల్సినవి రెండు సంగతులు. ఒకటి, ప్రపంచాన్నే ఊపేసిన బృందాన్ని కూడా సంగీతం ఎరిగిన పెద్దలు గుర్తుపట్టలేకపోయారు. ఏ పాట ఎక్కుతుందో నిజంగానే ఎవరికీ తెలియదు. రెండు, అంత పిసినారి ఒప్పందంలో కూడా వాటా ఉంది. ఒక్క పెన్నీయే కావచ్చు. కానీ రికార్డు అమ్ముడైన ప్రతిసారీ ఆ పెన్నీ లెక్కలోకి వచ్చింది. తర్వాత ఆ వాటా పెంచమని అడగడానికి ఒక ఆధారం మిగిలింది. అమ్మేసినవాళ్లకు కాగితం మీద ఆ ఆధారం కూడా ఉండదు.

సరే, నష్టభయం ఉందని ఒప్పుకున్నాం. మరి వాటా ఇస్తే కంపెనీ మునుగుతుందా? ఒక ఊహా లెక్క వేద్దాం, నోటితో చెప్పగలిగినంత చిన్నది. ఒక కంపెనీ పది పాటలు తీసింది. పాటకు రెండు లక్షల చొప్పున ఇరవై లక్షలు పెట్టింది. తొమ్మిది పాటలు ఏమీ తేలేదు. పదో పాట ముప్పై లక్షలు తెచ్చింది. అన్నీ పోను కంపెనీకి పది లక్షలు మిగిలాయి. ఇప్పుడు అదే కంపెనీ గాయనికి పదో వంతు వాటా రాసిచ్చిందనుకుందాం. ముందు పాట ఖర్చు రెండు లక్షలు కంపెనీ తీసేసుకుంటుంది. మిగిలిన ఇరవై ఎనిమిది లక్షల్లో పదో వంతు, అంటే రెండు లక్షల ఎనభై వేలు గాయనికి. కంపెనీకి అప్పుడు కూడా ఏడు లక్షల ఇరవై వేలు మిగులుతాయి. తొమ్మిది పాటల నష్టాన్ని భరించాక మిగిలిన లాభం ఇది. ఆడని తొమ్మిది పాటలకు గాయనికి వాటా కింద ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. చూశారా? వాటా అన్నది కంపెనీ గెలిచినప్పుడే ఇచ్చేది. ఓడినప్పుడు అడగనిది. నష్టానికి భయపడేవాళ్లకు అసలు నచ్చాల్సింది ఈ పద్ధతే.

ఒకటి మాత్రం జాగ్రత్త. పాట ఖర్చు ముందు కంపెనీ తీసుకోవడం సరైనదే. కానీ ఏ పాట ఖర్చు ఆ పాటలోనే తీసుకోవాలి. ఆడని పాట నష్టాన్ని ఆడిన పాట వాటాలో కోసుకునే వాక్యం కొన్ని కాగితాల్లో దొంగచాటుగా దూరుతుంది. అది ఉంటే గాయనికి వాటా ఉన్నట్టే ఉంటుంది, ఎన్నటికీ చేతికి రాదు.

ఇక రెండో వాదన. గాయకులే పైసలు ముందు అడుగుతారండీ, వాటా వద్దంటారు అని కంపెనీవాళ్లు అంటారు. నిజమే. ఇంట్లో కిరాణా బాకీ ఉన్న మనిషికి ఆర్నెల్ల తర్వాత వచ్చే వాటా కంటే ఇవాళ వచ్చే పదివేలే ముఖ్యం. దాన్ని తప్పుపట్టలేం. కానీ ముందు కొంత, తర్వాత వాటా అన్న రెండూ కలిపి రాసుకోవడానికి అడ్డేముంది? అడ్వాన్స్ తీసుకో, ఆ అడ్వాన్స్ నీ వాటాలోంచి తీరాక మిగతాది అందుకో. ఇంకో సంగతి. కంపెనీ ఎంత ఇస్తుందన్నది గాయనికి వేరే దారి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. క్యాసెట్ల కాలంలో ఆ దారి లేదు. రికార్డింగ్‌కు హైదరాబాద్ పోవాలి. క్యాసెట్లు కాపీలు తీయించాలి. దుకాణాలకు చేర్చాలి. ఇవన్నీ ఒక్క మనిషి చేయలేడు. కంపెనీ ఇచ్చిందే ప్రసాదం. ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది. సొంత ఛానల్ పెట్టుకోవచ్చు. అందరూ గెలవరు, నిజమే. కంపెనీ ఛానల్‌కు ఉన్నంత మంది చందాదారులు కొత్త ఛానల్‌కు ఉండరు. కానీ ‘నేను సొంతంగా కూడా పెట్టుకోగలను’ అన్న ఒక్క మాటతో బేరం మారుతుంది. పెట్టుకోకపోయినా సరే, పెట్టుకోగలనన్న ధైర్యం ఉంటే చాలు.

మూడో వాదన ఇంకొంచెం లోతైనది. జానపదం ఎవరిదండీ? అమ్మమ్మలు పాడింది, నాటేసేటప్పుడు కూలీలు పాడింది, ఒగ్గువాళ్లు చెప్పింది. అది ఊరందరి సొత్తు. దానికి ఒక్క మనిషికి రాయల్టీ ఏమిటి? ఈ వాదనలో బలం ఉంది. ఊరందరి పాటను ఒక్కరి పేరున రాసుకోవడం తప్పే. కానీ గమనించండి. అది ఊరందరిదైతే, కంపెనీది మాత్రం ఎట్లా అవుతుంది? గాయనికి హక్కు లేదని చెప్పడానికి వాడిన మాటే కంపెనీకీ వర్తించాలి కదా. 2021లోనే ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ పాట వచ్చినప్పుడు ఈ చర్చ తెలంగాణ అంతా నడిచింది. సుద్దాల అశోక్ తేజ రాశారు, మంగ్లీ పాడారు. ఆ జానపదాన్ని అంతకుముందే టీవీ వేదిక మీద పాడిన కోమల ముందుకొచ్చి, మరి నా సంగతేమిటని అడిగారు. పాత పాటకు, దాన్ని వెతికి పట్టుకొచ్చి తన గొంతుతో పదిమందికి తెలిపిన మనిషికి మధ్య తేడా ఏమిటన్నది ఆ చర్చతో అందరి ముందుకూ వచ్చింది. పల్లవి తాతలనాటిది కావచ్చు. కానీ కొత్తగా కట్టిన చరణం రాసినవారిది. కొత్త బాణీ కట్టినవారిది. ఈ రికార్డులో వినిపించే ఈ గొంతు పాడినవారిది. ఆదిలాబాద్ అడవుల్లో కిక్రి వాయించే తోటీల పాట వేల ఏళ్లదే కావచ్చు, ఇవాళ మైకు ముందు కూర్చుని వాయించిన చెయ్యి మాత్రం ఒక మనిషిది. ఊరి పాట ఊరిదే. పాడిన పాట పాడినవారిది కూడా.

నాలుగో వాదన లెక్కలది. వాటా అంటే నెలనెలా లెక్కలు చూపాలి, తగాదాలు వస్తాయి, ఎందుకీ తలనొప్పి అంటారు. క్యాసెట్ల కాలంలో ఈ మాటకు అర్థం ఉంది. ఎన్ని క్యాసెట్లు అమ్ముడయ్యాయో కంపెనీకే సరిగ్గా తెలిసేది కాదు. ఎన్ని దొంగ కాపీలో లెక్కే లేదు. ఇప్పుడు అట్లా కాదు. యూట్యూబ్‌లో ఏ వీడియో ఏ నెలలో ఎంత తెచ్చిందో ఛానల్ ఓనర్ తన ఫోన్‌లోనే చూసుకుంటాడు. ఆ లెక్కను గాయనికి పంపడానికి ఒక స్క్రీన్‌షాట్ చాలు. లెక్క చూపడం కష్టమనే మాట ఇవాళ నిలవదు. చూపడం ఇష్టం లేదనే మాట వేరు.

ఐదో వాదన. మేం పైసలు పెట్టి పేరు తెస్తాం, పేరు రాగానే వేరే ఛానల్‌కు పోతారు అంటారు. ఇదీ నిజంగా జరిగేదే. అందుకే కంపెనీలు మూడేళ్లు ఇంకెక్కడా పాడొద్దని రాయించుకుంటాయి. దాన్ని పూర్తిగా తప్పు అనలేం. కానీ కట్టు రెండు వైపులా ఉండాలి. గాయని మూడేళ్లు వేరేచోట పాడకూడదు అంటే, ఆ మూడేళ్లలో కంపెనీ ఆమెతో ఏటా ఇన్ని పాటలు తీస్తానని రాయాలి. తీయకపోతే కట్టు విడిపోవాలి. లేదంటే ఏమవుతుంది? ఒక్క పాట పాడించి, అది ఆడకపోతే పక్కన పెడతారు. ఆమె ఇంకెక్కడా పాడటానికి లేదు, ఇక్కడా పాడించరు. గొంతు మంచి వయసులో ఉన్నప్పుడు మూడేళ్లు మూతపడటం చిన్న శిక్ష కాదు.

ఇక్కడ మన ఆకాశవాణి పద్ధతిని ఒకసారి తలచుకోవాలి. ఎవరికీ తెలియని కొత్త గాయకుడికి ఏమివ్వాలన్న ప్రశ్న ఆకాశవాణి ముందూ ఉంది. స్వరపరీక్ష పెడతారు. బి, బి-హై, ఎ అంటూ గ్రేడు ఇస్తారు. పాడిన కార్యక్రమానికి గ్రేడును బట్టి పారితోషికం. ఇక్కడ కొలిచేది పాట ఎంతమందికి ఎక్కుతుందన్నది కాదు. శ్రుతి ఉందా, లయ ఉందా, పాడే ఒడుపు ఉందా అన్నది. నైపుణ్యాన్ని కొలవొచ్చు, అదృష్టాన్ని కొలవలేం. కాబట్టి నైపుణ్యానికి ముందే కూలి కట్టాలి. అదృష్టం వస్తే దాన్ని పంచుకోవాలి. అడ్వాన్స్, వాటా అన్న రెండు ముక్కల అర్థం ఇదే. అడ్వాన్స్ నైపుణ్యానికి, వాటా అదృష్టానికి.

ఈ దేశంలో చట్టం కూడా చాలావరకు ఈ వైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. ఆ సవరణ తర్వాత, పాట రాసినవారు, బాణీ కట్టినవారు రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వదులుకుంటున్నామని రాసిచ్చినా ఆ మాట చెల్లదు. పాడినవారికి ప్రదర్శకులుగా వేరే హక్కు ఉంది. అది యాభై ఏళ్లు ఉంటుంది. పాటను వ్యాపారానికి వాడినప్పుడు వాళ్లకూ రాయల్టీ రావాలి. హక్కుల బదిలీ కాగితం మీదే జరగాలి, సంతకం ఉండాలి. నోటిమాట చాలదు. ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుంచుకోండి. కాగితంలో గడువు రాయకపోతే, చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. ఎంత ప్రాంతానికో రాయకపోతే, భారతదేశం వరకే అని లెక్కిస్తుంది. ఇంకా పుట్టని మాధ్యమాల హక్కు, దాన్ని విడిగా పేర్కొని రాస్తే తప్ప, కంపెనీకి పోదు. శాశ్వతంగా, ప్రపంచమంతటా, రాబోయే మాధ్యమాలన్నిటా అని ఆ వాక్యంలో ఎందుకు అంత పట్టుగా రాస్తారో ఇప్పుడు అర్థమైంది కదా. రాయకపోతే చట్టం ఆ మూడూ పాట చేసినవాళ్లకే వదిలేస్తుంది. అందుకే రాయించుకుంటారు.

కంపెనీలకు కూడా ఒక మాట. ఒక్క పాటతో లాభం చూసుకునే వ్యాపారం ఇది కాదు. వచ్చే బతుకమ్మకూ పాట కావాలి, ఆపై ఏడాదీ కావాలి. వాటా సరిగ్గా ఇచ్చే కంపెనీ దగ్గరికే మంచి పాట ముందు వెళ్తుంది. పాటలో వాటా ఉన్న గాయని ఆ పాటను తన ప్రతి కార్యక్రమంలో పాడుతుంది, ప్రతి ఊళ్లో చెబుతుంది. అమ్మేసిన గాయనికి ఆ అవసరం ఏముంది? కంపెనీకి రూపాయి ఖర్చు లేని ప్రచారం అది. ప్రాంతాన్ని నమ్ముకుని నడిచే చిన్న కంపెనీలకు ఈ నమ్మకమే పెట్టుబడి.

మరి సంతకం పెట్టబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చివరిగా నాలుగు ప్రశ్నలు. నెమ్మదిగా చెబుతాను. మొదటిది, ఎన్నేళ్లకు? రెండోది, ముందు ఎంత, తర్వాత వాటా ఎంత? మూడోది, లెక్క ఎప్పుడు చూపుతారు, ఎట్లా చూపుతారు? నాలుగోది, నన్ను కట్టేస్తే, మీరు దేనికి కట్టుబడతారు? మళ్లీ చెబుతున్నా. ఎన్నేళ్లు, ఎంత వాటా, లెక్క ఎట్లా, మీ కట్టుబాటు ఏమిటి. ఈ నాలుగింటికీ జవాబు కాగితం మీద ఉండాలి, నోటిమాటగా కాదు. కాగితం ఆ రోజే సంతకం పెట్టాలని తొందరపెడితే, ఇంటికి తీసుకెళ్లి ఒక వకీలుకు చూపించి వస్తానని చెప్పండి. వకీలుకు ఇచ్చే ఫీజు మీకు భారం అనిపించవచ్చు. కానీ పాట ఎక్కితే, ఆ ఫీజుకు ఎన్నో రెట్లు మీ చేతికొస్తుంది. ఎక్కకపోతే, మీ పాట రాసుకున్న గడువు తీరాక మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. అప్పుడు దాన్ని మళ్లీ కొత్తగా పాడుకోవచ్చు, ఇంకొకరికి పాలుకివ్వొచ్చు.